యతి నవల రాయాలంటే

యతిని, అంటే హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పుకునే మంచుమనిషిని, మొదటి అధ్యాయంలోనే చూపించేస్తే ఉత్కంఠ చచ్చిపోతుంది. ముందు జాడ చూపండి. 1951లో హిమాలయాల్లోని మెన్‌లుంగ్ హిమానీనదంపై బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ తీసిన ఫొటోలో అడుగుజాడ పక్కనే మంచుగొడ్డలి ఉంది. సైజు తెలిసింది కాబట్టే అంత చర్చ జరిగింది. మీ పాత్ర కూడా ఏదో ఒకటి పక్కన పెట్టి కొలవాలి.

నమ్మని మనిషి ఒకడు తప్పకుండా ఉండాలి, వాడి వాదనకు బలం ఉండాలి. ఎలుగుబంటి వెనక పాదం ముందు పాదం గుర్తుపై పడితే రెండూ కలిసి ఒకే పొడవాటి అడుగులా కనిపిస్తాయి. ఎండకు మంచు కరిగితే ఇంకా పెద్దవవుతాయి. ఈ వివరణకు లొంగని చోటే మీ యతి మొదలవ్వాలి.

చాలామంది తప్పేది పాత్రలు ఎక్కే ఎత్తు దగ్గర. 3,000 మీటర్లు దాటాక రాత్రి మజిలీ ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఒక్కరోజులో 2,000 మీటర్లు ఎక్కించారా, మర్నాడు మీ హీరో తలనొప్పి, వాంతులతో గుడారంలోనే పడుంటాడు.