పిల్లల కోచింగ్ – 4వ పాఠం: చేతకానిదా, చేయనిదా?

సీజన్ మొదలవకముందే పిల్లలతో కూర్చుని మూడే మూడు నియమాలు రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. రాసుకున్నారు సరే, అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. నియమం తప్పిన పిల్లను ఏమనాలి? గట్టిగా అంటే ముడుచుకుపోతుందేమో, ఊరుకుంటే నెత్తికెక్కుతుందేమో.

బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ మ్యాచ్ అనుకోండి. రాసుకున్న నియమాల్లో ఒకటి: బంతి పోతే వెంటనే వెనక్కి పరిగెత్తి మన బాస్కెట్‌ను కాపాడుకోవాలి. పదమూడేళ్ల అమ్మాయి పాస్ ఇవ్వబోతుంటే ఎదుటి జట్టు బంతి లాగేసుకుంది. ఈమె నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వాళ్లు తాపీగా వెళ్లి బాస్కెట్ వేసేశారు.

ఇక్కడ జరిగినవి రెండు. బంతి పోవడం చేతకానిది. దానికి ప్రాక్టీస్ కావాలి, తిట్లు కాదు. వెనక్కి పరిగెత్తకపోవడం చేయనిది. జవాబు అడగాల్సింది దీనికే. మనలో చాలామందిమి తిరగేసి చేస్తాం (నేనూ చాలాకాలం అంతే): పోయిన బంతికి కేకలేసి, ఆగిన కాళ్లను వదిలేస్తాం.

అమ్మాయిని పక్కకు పిలవండి, అందరి ముందూ వద్దు.

“బంతి పోయాక ఏం చేశావమ్మా?”

“ఆగిపోయాను సార్.”

“మనం ఏమనుకున్నాం?”

“వెంటనే వెనక్కి రావాలని.”

“రెండు నిమిషాలు కూర్చో. తర్వాత నువ్వే దిగుతావు. ఈసారి బంతి పోతే పోనీ, నీ కాళ్లు చూస్తుంటాను.”

‘ఎందుకు ఆగావు’ అని అడగలేదు, గమనించారా? ‘ఎందుకు’ అని అడిగితే పిల్లలు సాకు వెతుక్కుంటారు. ‘ఏం చేశావు’ అని అడిగితే జరిగింది చెబుతారు.

రెండు నిమిషాలన్నారు కాబట్టి రెండే. మళ్లీ దింపడం మరిచిపోతే మిగిలేది శిక్ష ఒక్కటే. తన మీద తనకు నమ్మకం దేనివల్ల కలుగుతుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు చెప్పాడు: తానే చేసి చూసుకోవడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఎదుటివాళ్ల మాట, ఒంట్లోని టెన్షన్‌ను తాను ఎలా అర్థం చేసుకుంటుందన్నది. వీటిలో మొదటిదే బలమైనది. కాబట్టి “నువ్వు చేయగలవు” అని పదిసార్లు అనేకంటే, చేసే అవకాశం ఒక్కటి తిరిగివ్వండి. ఆమె వెనక్కి పరిగెత్తిన క్షణంలోనే, బాస్కెట్ పడినా పడకపోయినా, “అదీ, వచ్చేశావు!” అని వినపడేలా అనండి. “వెరీ గుడ్” అంటే దేనికో ఆమెకు తెలియదు.

గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం మాత్రం వద్దు. పరుగే శిక్ష అయితే, రేపు వెనక్కి పరిగెత్తమన్నా శిక్షలాగే ఉంటుంది. ఇంకోటి, బాగా ఆడే పిల్ల ఆగిపోయినా అదే రెండు నిమిషాలు. ఫైనల్లో అయినా సరే. మిగతా పిల్లలు లెక్క చూస్తుంటారు.

ఈ వారం అభ్యాసం: ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో మీరు నోరు తెరిచిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయమని ఎవరికైనా చెప్పండి. ఎడమవైపు ‘చేతకానిది’, కుడివైపు ‘చేయనిది’. ఎడమవైపు గీతలే ఎక్కువుంటే ఈ పాఠం ఇంకో వారం చదవండి, 5వ పాఠానికి తొందరేం లేదు. అందులో కోర్టు గీత బయట నుంచి అరిచే తల్లిదండ్రుల సంగతి చూద్దాం.