ఇంటి కంప్యూటర్ తాళాలు మీ చేతికి తెచ్చుకోవడం ఎలా?

ఆదివారం టిఫిన్ అయ్యేసరికి నాకు ఒకటో రెండో ఫోన్లు వస్తాయి. బెంగళూరు కేఆర్ పురంలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. "వైఫై రావట్లేదు, ఒకసారి వచ్చి చూస్తావా బాబూ" అని ఒకరు, "ఏదో లైసెన్స్ అయిపోయిందంటోంది అన్నా" అని ఇంకొకరు. సమస్య ఏదైనా నేను ముందు అడిగేది ఒకటే: పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? చాలా ఇళ్లలో అది ఇంట్లోవాళ్లకే తెలియదు. రౌటర్‌ది కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి తెలుసు. లాప్‌టాప్‌ది షాపులో విండోస్ వేసినతనికి తెలుసు. వైఫైది ఖాళీ చేసి వెళ్లిన పాత అద్దెవాళ్లకు తెలుసు. కొత్త ఇంట్లో దిగగానే తలుపు తాళం మార్చుకునేవాళ్లం, దీన్ని మాత్రం అలాగే వదిలేస్తున్నాం.

ఒక ఆదివారం పూట కూర్చుంటే ఇవన్నీ మీ చేతికి వస్తాయి. వరుస మాత్రం తప్పకండి.

ముందు రౌటర్

రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫైది, చుట్టాలు వస్తే చెప్పేది. రెండోది రౌటర్ సెట్టింగ్స్ తెరిచేది, దాన్నే అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. మొదటిది మార్చి రెండోది వదిలేస్తే, వైఫైలో ఉన్న ఎవరైనా లోపలికి వెళ్లి అన్నీ తిప్పేయొచ్చు.

ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరవండి. గేట్‌వే అనో రౌటర్ అనో ఒక నంబర్ కనిపిస్తుంది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తుంది. మొదటిసారి వాడాల్సిన పేరు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. అవి పనిచేయకపోతే వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి రీసెట్ చేయొచ్చు. కానీ ఫైబర్ కనెక్షన్ అయితే తొందరపడి రీసెట్ చేయకండి. కంపెనీ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా పోయి నెట్ ఆగిపోవచ్చు. ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. ఆ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, బిల్లు మీదో కంపెనీ యాప్‌లోనో చూడండి.

లోపలికి వెళ్లాక అడ్మిన్ పాస్‌వర్డ్, ఆ తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పేరులో మీ ఫ్లాట్ నంబర్ పెట్టకండి. పాస్‌వర్డ్‌కు సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి మధ్యలో ఒక అంకె పెడితే చాలు. మీకు గుర్తుంటుంది, బయటివాళ్లు ఊహించలేరు. సెక్యూరిటీ అన్న చోట వైఫై రక్షణ పద్ధతుల పేర్లుంటాయి, డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరిచేది) ఆన్‌లో ఉంటే ఆపేయండి. అప్‌డేట్ ఉంటే చేయండి.

బయటికి వచ్చే ముందు అక్కడే కలిసి ఉన్న పరికరాల జాబితా చూడండి. ఈ మధ్య మా వీధిలో ఒక ఇంట్లో చూస్తే పద్నాలుగు ఉన్నాయి. ఫోన్లు, టీవీ, లాప్‌టాప్‌లు అన్నీ ఇంటావిడ వేళ్ల మీద లెక్కపెడితే తొమ్మిదే తేలాయి. మిగతా అయిదు పక్కనున్న పీజీ కుర్రాళ్లవి. పాత అద్దెవాళ్లు ఎప్పుడో ఇచ్చిన పాస్‌వర్డ్ అలా నడిచిపోతోంది. పాస్‌వర్డ్ మార్చాక సాయంత్రం వీడియో కాల్ ఆగడం కూడా తగ్గింది.

అద్దెలోనే వైఫై కూడా కలిపి ఇచ్చే ఇళ్లలో రౌటర్ మన చేతిలో ఉండదు. అప్పుడు లాప్‌టాప్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి, నెట్‌వర్క్ ప్రొఫైల్‌ను పబ్లిక్ అని పెట్టండి. పై వాటా వాళ్ల కంప్యూటర్లకు మీది కనిపించదు.

సిగ్నల్ అందకపోవడం వేరే సంగతి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు వైరు ఎక్కడ దగ్గరైతే అక్కడ, తలుపు పక్కన చెప్పుల స్టాండ్ మీద పెట్టి వెళ్లిపోతారు. రౌటర్‌ను ఇంటి మధ్యకు, ఎత్తుగా ఉన్న చోటికి మార్చమని అడగండి. వైఫై సిగ్నల్‌లో రెండు రకాలు: 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే బాగా తగ్గిపోతుంది, 2.4 దూరం పోతుంది కానీ వేగం తక్కువ. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే గదికి మాత్రం రౌటర్ నుంచి ఒక క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లాగించుకోండి. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

తర్వాత విండోస్ లైసెన్స్

మా పిన్ని మారతహళ్లిలో ఉంటుంది, పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెబుతుంది. లాప్‌టాప్ నెమ్మదించిందని దగ్గర్లో ఒక షాపులో ఇస్తే, అన్నీ తీసేసి కొత్త విండోస్ వేసి ఇచ్చారు. "లైఫ్ టైమ్ వస్తుంది మేడమ్" అన్నారట. రెండు నెలలకు బ్రౌజర్ తెరిస్తే చాలు ఏవేవో యాడ్స్. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ తెరిచి చూశాను. యాక్టివేట్ అయ్యిందనే ఉంది, కానీ కింద "మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంది. సంస్థ ఎక్కడిది? అది పిన్ని సొంత లాప్‌టాప్.

ఆ వాక్యం బాగా గుర్తుపెట్టుకోండి. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌లో అది మామూలే. సొంత లాప్‌టాప్‌లో కనిపిస్తే మాత్రం, పెద్ద కంపెనీలు తమ కంప్యూటర్లకు వాడే పద్ధతిని క్రాక్‌తో, అంటే లైసెన్స్ కొనకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్‌తో, నకిలీ చేశారన్నమాట. ఆ యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది. అందుకే దాన్ని పొడిగించడానికి ఒక ప్రోగ్రామ్‌ను లోపల వదిలేస్తారు. దాన్ని యాంటీవైరస్ పట్టుకోకుండా ఇంకో పని కూడా చేస్తారు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ విభాగం సెట్టింగ్స్‌కు వెళ్లి కిందికి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ఫలానా ఫోల్డర్ చూడొద్దు అని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కు చెప్పే చోటది. పిన్ని లాప్‌టాప్‌లో సీ డ్రైవ్ మొత్తం ఆ జాబితాలో ఉంది. ఇంటికి కాపలా పెట్టి, కళ్లు మూసుకోమన్నట్టే కదా! మీరు పెట్టనిది అక్కడ ఏదున్నా అనుమానించండి.

ఇందులో నాకు నిజంగా బాధ కలిగేది ఒకటుంది. ఆ లాప్‌టాప్ కొన్నప్పుడే అసలైన విండోస్ హోమ్‌తో వచ్చింది, డబ్బులు అప్పుడే కట్టేశాం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీ లాప్‌టాప్‌లలో ఆ లైసెన్స్ కీ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది, హార్డ్ డిస్క్ మార్చినా పోదు. మీది కూడా విండోస్‌తోనే కొన్న లాప్‌టాప్ అయితే క్రాక్‌తో పనే లేదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ ఎక్కించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, హోమ్ ఎడిషన్ ఆ కీని తనే తీసుకుంటుంది. క్రాక్ ఉన్న కంప్యూటర్‌లో కాకుండా వేరే దాంట్లో ఆ పెన్‌డ్రైవ్ తయారు చేయండి. ముందుగా ఫొటోలు, ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి. పని అయ్యాక ముఖ్యమైన పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయండి.

బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్‌లో విడి భాగాలు కొని డెస్క్‌టాప్ కట్టించుకున్నవాళ్లకు మాత్రం లైసెన్స్ విడిగా కొనక తప్పదు. ఓఈఎం లైసెన్స్ (కొత్త కంప్యూటర్ కోసం ఇచ్చే రకం) ఆ ఒక్క మదర్‌బోర్డ్‌తోనే సరి, విడిగా అమ్మే రీటైల్‌ది ఇంకో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. ఆన్‌లైన్లో అయిదారు వందలకు దొరికే కీలు కొనకండి. పొడుపు కోసం చూస్తే, వర్డ్, ఎక్సెల్ పనులకు లిబ్రెఆఫీస్ ఉచితం, తెలుగు టైపింగ్‌కు కూడా బాగుంటుంది.

ఇంకా విండోస్ 10 వాడుతున్నారా? 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పొడిగింపుకు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. బ్రౌజర్, మెయిల్ తప్ప వేరే పని లేని పెద్దవాళ్లకు నేను అదే వేసి ఇస్తాను.

అకౌంట్, రికవరీ కీ

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ఇదే అన్నింటికన్నా ఖరీదైన తాళం. ఈమధ్య లాప్‌టాప్‌లలో విండోస్ 11 డిస్క్‌ను తనంతట తనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం వేస్తుంది. ఎప్పుడైనా తేడా వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ, మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అందులో చేరుతుంది. షాపతను తన మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చాడనుకోండి, మీ పిల్లల ఫొటోల తాళం అతని దగ్గర ఉన్నట్టే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి ఎవరి మెయిల్ ఉందో ఇప్పుడే చూడండి. మీది కాకపోతే, ముందు ఫైళ్లు కాపీ చేసుకుని, మీ మెయిల్‌తో అడ్మిన్ అకౌంట్ పెట్టుకోండి. రికవరీ కీని బ్యాకప్ చేసుకున్నాక పాత అకౌంట్ తీసేయండి. కీని కాగితం మీద రాసి బీరువాలో, ఇంటి కాగితాలతో పాటు పెట్టండి.

ఆఖరుగా ఫోన్లు, పాపప్‌లు

"మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబర్‌కు కాల్ చేయండి" అని గట్టిగా అరుస్తూ స్క్రీన్ నిండా వస్తే టెన్షన్ పడకండి. అసలైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే మూసుకుంటుంది. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అంటే వద్దనండి.

ఎవరైనా ఫోన్ చేసి, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. ఆ యాప్ మంచిదే, నేను కూడా అమ్మావాళ్ల కంప్యూటర్‌కు అలాంటిదే వాడతాను. కానీ నేను అడగడం వేరు, ముక్కూమొహం తెలియనివాళ్లు అడగడం వేరు. అప్పటికే వేసేసి ఉంటే వెంటనే నెట్ ఆపండి. బ్యాంకుకు ఫోన్ చేయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్‌ను ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌లో ఈ రోజే సేవ్ చేయండి, మీ నంబర్ పక్కనే.