పిల్లలతో కవిత్వం, 4వ పాఠం: 'నాకూ' దగ్గర ఆగిపోతే

పోయిన పాఠం చివర చెప్పుల కవిత ఇచ్చాను. పిల్లలకు చదివి వినిపించి, ఏం గుర్తొచ్చిందో అడగమన్నాను. మీ ఉత్తరాలన్నీ చదివాను. ఈ విడతలో పోలికల గురించి రాయాలనుకున్నాను కానీ అది తర్వాత చూద్దాం. ముందు మీ ఉత్తరాల్లో కనిపించిన ఒక చిక్కు విప్పుకోవాలి.

కవిత మరోసారి:

తలుపు చాటున నా చెప్పులు
తడిసి ముద్దయి కూర్చున్నాయి
వాన ఆగిందని ఎవరూ
వాటికి చెప్పలేదు

మీ పిల్లలు చెప్పిన జవాబులు చూడండి. "నాకూ చెప్పులున్నాయి." "నావి నీలం రంగువి." "మా తలుపు వెనక చీపురు ఉంటుంది." చాలామంది అక్కడితో ఆగిపోయారు. కొందరు అసలు ఆగలేదు. చెప్పుల నుంచి వానకు, వాన నుంచి ప్రయాణానికి, ప్రయాణం నుంచి రైల్లో చూసిన కుక్కపిల్లకు వెళ్లిపోయారు. పిల్లవాడు పావుగంట సంతోషంగా మాట్లాడాడనీ, కవిత సంగతి ఇద్దరూ మరిచిపోయారనీ ఒక తల్లి రాశారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. 'ఏం గుర్తొచ్చింది' అనే ప్రశ్న పిల్లలను కవితలోంచి బయటికి పంపుతుంది. తిరిగి లోపలికి తీసుకువచ్చే ప్రశ్న నేను ఇవ్వలేదు. అది ఇదిగో: "అది ఏ మాట దగ్గర గుర్తొచ్చింది? వేలు పెట్టి చూపించు." చదవడం రాని పిల్లలైతే మీరు మెల్లగా చదువుతూ ఉండండి, ఆ మాట రాగానే వాళ్లు చప్పట్లు కొడతారు. తర్వాత ఆ పంక్తిని ఇంకోసారి చదవాలి. ఈ మూడో పని మానేస్తే మొదటి రెండూ వృథా.

నా దగ్గర చదువుకున్న ఒక ఆరేళ్ల పాప ఈ కవిత విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆట అయిపోయిందని నాకు చెప్పలేదు. నేను మంచం కిందే ఉన్నాను" అంది. దాగుడుమూతల్లో అందరూ ఆట ముగించి వెళ్లిపోతే, తాను ఒక్కతే దాక్కుని ఉండిపోయిందట. పాప జ్ఞాపకంలో చెప్పులు లేవు, వాన లేదు. వేలు పెట్టమంటే 'చెప్పలేదు' మీద పెట్టింది. మళ్లీ చదివినప్పుడు నాలుగో పంక్తి దగ్గర గొంతు తగ్గించింది. నేను తగ్గించమనలేదు. ఆఖరున, "చెప్పకపోయినా పరవాలేదు, తలుపు తీస్తే వాటికే తెలుస్తుంది" అంది. ఆ తలుపు గురించి నేను అంతవరకూ ఆలోచించనేలేదు.

మీ పిల్లల నుంచీ ఇలాంటివి వస్తాయి. అడ్డుపడుతున్నది ఒక్క దీర్ఘం. దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి.

'నీకు' అనడానికీ 'నీకూ' అనడానికీ తేడా గమనించండి. "నీకూ ఇలా జరిగిందా?" అని అడిగామంటే జవాబు మనమే చేతిలో పెట్టేసినట్లు. పిల్లలు ఆ దీర్ఘాన్ని అలాగే తిరిగి ఇచ్చేస్తారు: "నాకూ జరిగింది." పెద్దవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. "మీ ఇంట్లో కూడా తలుపు ఉందిగా?" అన్నదీ అంతే. "నువ్వూ వానలో తడిశావు కదా, గుర్తుందా?" అన్నది ఇంకా చెడ్డది, ఎందుకంటే పిల్లల జ్ఞాపకాన్ని కూడా మనమే ఎంచి పెడుతున్నాం. పోనీ పిల్లలే "నాకూ" అన్నారనుకోండి, మనం వెంటనే "భలే!" అంటాం. దాంతో కవితలోని వస్తువు మన ఇంట్లోనూ ఉంటే చాలన్న సూత్రం వాళ్లకు స్థిరపడిపోతుంది. చెప్పులకు చెప్పులు, పిల్లికి పిల్లి, గొడుగుకు గొడుగు. నక్కను ఎన్నడూ చూడని పిల్లకు నక్క మీద కవిత ఇస్తే, "నాకు నక్క లేదు" అని మూసేస్తుంది. మోసపోవడం, కాచుకుని ఉండడం, ఆకలితో తిరగడం ఆ పిల్లకు తెలియవా? వస్తువులు కలవకపోయినా మనసుకు అయిన అనుభవం కలవవచ్చు. ఆ దారి మూసేది మన 'కూడా'నే. ఒక వారం పాటు కవిత చేతిలో ఉన్నంతసేపూ 'కూడా', 'నీకూ', 'నువ్వూ' మానేయండి. బదులుగా, "ఏ మాట దగ్గర ఆగాలనిపించింది?" అని అడిగి ఊరుకోండి. మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. చాలామంది పెద్దలు ఐదు దాటకముందే సాయానికి వస్తారు.

ఇది పిల్లలకు మాత్రమే వచ్చే చిక్కు అనుకోకండి. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్య విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి కవితలను విద్యార్థులకు ఇచ్చి, వాళ్లు రాసిన అభిప్రాయాలను పరిశీలించి 1929లో ప్రచురించారు. చదువరిని దారి తప్పించేవాటిలో, కవితతో పొత్తులేని సొంత జ్ఞాపకాలు ముందుకు తోసుకురావడాన్నీ ఆయన చేర్చారు. కవిత్వం చదవడానికి అలవాటుపడ్డవారి సంగతే అది. తర్వాత అమెరికాలో సాహిత్యం బోధించిన లూయీజ్ రోజెన్‌బ్లాట్, కవిత అనేది కాగితం మీది అక్షరాలకూ చదివే మనిషికీ మధ్య జరిగే సంఘటన అన్నారు. నేను ఆవిడ పక్షమే. జ్ఞాపకం లేకుండా పిల్లలకు కవిత అందదు. కానీ రిచర్డ్స్ హెచ్చరిక మరవను, వేలు పెట్టి చూపించమనేది అందుకే.

చదివినదాన్ని తన జీవితంతో, వేరే పుస్తకంతో, లోకంతో ముడిపెట్టమంటూ మూడు గళ్లు గీసి నింపించే పద్ధతి బడుల్లో వాడుకలో ఉంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు నేను దాన్ని వాడను. గడి నింపాలన్న తొందరలో కవిత పోతుంది. బొమ్మ పక్కనున్న కవితనూ మొదటిసారి చూపించను, చెవితో వినిపిస్తాను. 'చెప్పులు', 'చెప్పలేదు' ఒకే చప్పుడుతో మొదలవుతాయని మొదట పట్టుకునేది చెవే.

ఏమీ గుర్తు రాలేదంటే అదీ జవాబే, ఒప్పుకోండి. బాధ కలిగించే జ్ఞాపకం పైకి వస్తే వినండి, పక్కన కూర్చోండి. ఆ రోజు వేలు పెట్టమని అడగవద్దు.

అభ్యాసం పది రోజులది, మొదటి రోజు మీ ఒక్కరిదే.

దీపం ఆర్పగానే
గది పెద్దదయింది
దుప్పటి మాత్రం
చిన్నదయింది

దీన్ని మూడుసార్లు చదివి, మీకు గుర్తొచ్చిన ఐదు విషయాలు రాసుకోండి. ఒక్కొక్కటీ ఏ మాటకు చెందుతుందో గీత గీసి కలపండి. ఏ మాటకూ కలవనిదాన్ని కొట్టేయండి, ఎంత ఇష్టమైనదైనా సరే. రెండో రోజు నుంచి రోజూ పిల్లలకు ఇదే కవిత చదవండి, మరొకటి వద్దు. నాలుగో రోజుకు విసుగంటారు. అప్పుడు చివరి పంక్తిని అరచేత్తో మూసి, దుప్పటి ఏమైందో వాళ్లనే చెప్పమనండి. వాళ్లు అన్నది అన్నట్లే, ఒక్క అక్షరం దిద్దకుండా తేదీ వేసి రాయండి. పదో రోజు ఆ మాటలన్నీ వాళ్లకు చదివి వినిపించి, వాటిలో ఏవి ఇంకా కవితలో ఉన్నాయో, ఏవి బయటికి వెళ్లిపోయాయో వాళ్లనే ఎంచమనండి. బయటికి వెళ్లిపోయినవాటిని పారేయకండి. వచ్చే పాఠంలో పిల్లలు సొంత కవిత రాయడానికి అవే కావాలి.