బావి నీటి లోతు గ్రాఫును ఎలా చదవాలి? ప్రాజెక్టు చేసే విద్యార్థులకు

స్టడీ ప్రాజెక్టు చేయవలసి వచ్చినప్పుడు వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మా విద్యార్థులు తరచుగా ఊరి చెరువునో, పొలంలోని బావినో ఎంచుకుంటారు. అది మంచి ఎంపిక, ఎందుకంటే కొలవవలసినది కళ్లముందే ఉంటుంది, అడిగితే చెప్పే పెద్దలు ఇంట్లోనే ఉంటారు. కొలతలు శ్రద్ధగానే తెస్తారు. వాటితో గ్రాఫు గీసి, అది ఏం చెబుతున్నదో రాయమన్నప్పుడే తడబడతారు.

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థిని తెచ్చిన గ్రాఫులో గీత జనవరి నుంచి మే వరకు ఎక్కుతూ పోయింది. దాని కింద ఆమె "వేసవిలో బావి నీరు పెరిగింది" అని రాసింది. అదే ఏప్రిల్‌లో వాళ్ల నాన్న నీరు అందక మోటారును ఇంకా కిందికి దించుకున్న సంగతి ఆమెకు తెలుసు. అయినా గీత పైకి పోతున్నది కాబట్టి నీరు పెరిగిందనే అనుకున్నది. ఆమె కొలతల్లో తప్పేమీ లేదు. నిలువు అక్షం మీద ఆమె వేసినది నేల నుంచి నీటి వరకు ఉన్న లోతు. అది 5 మీటర్ల నుంచి 11 మీటర్లకు చేరిందంటే నీరు 6 మీటర్లు దిగిపోయిందని అర్థం.

అందుకే గ్రాఫు చేతికి రాగానే గీత ఉన్న భాగాన్ని ఒక కాగితంతో మూసి, ముందు అక్షాలను మాత్రమే చదవండి. నిలువు అక్షం మీద ఉన్నది ఏ కొలత, మీటర్లా అడుగులా, ఎక్కడి నుంచి కొలిచారు, అంకెలు కిందికి పెరుగుతున్నాయా పైకి పెరుగుతున్నాయా అన్నవి నోటుబుక్కులో రాసుకోండి. బావి గోడ మీది నుంచి టేపు వదిలి ఉంటే గోడ ఎత్తును తీసివేయాలి. లోతును చూపే గ్రాఫులో సున్నాను పైన పెట్టి అంకెలను కిందికి వేయడం మేలు. అప్పుడు నీరు దిగితే గీత కూడా దిగుతుంది, కంటికి మోసం ఉండదు.

ఆ తరువాత కాగితం తీసి, పేజీని రెండు భాగాలు చేసి, ఎడమవైపు కంటికి కనిపించినది, కుడివైపు దాని అర్థం రాయండి. ఉదాహరణకు "ఆగస్టు నుంచి అక్టోబరు వరకు లోతు 8 మీటర్ల నుంచి 4 మీటర్లకు తగ్గింది" అన్నది ఎడమవైపుది. "వాన నీరు భూమిలోకి ఇంకింది" అన్నది కుడివైపుది. ఎడమవైపు ఆధారం లేని వాక్యం కుడివైపు ఉంటే దాన్ని కొట్టివేయండి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సగం పొరపాట్లు రావని నా అనుభవం.

వానను, లోతును ఒకే కాలపు అక్షం మీద వేస్తే ఇంకో విషయం బయటపడుతుంది. నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటాయి, కాని బావి నీరు వాన పడిన రోజే పైకి రాదు. ఏకశిలా నగరమని పేరున్న మన ఓరుగల్లు నేల గ్రానైటు రాతిది. నీరు పైనున్న వదులు పొరలోనూ, రాతి పగుళ్లలోనూ దారి వెతుక్కుంటూ దిగాలి. జోరుగా వాన పడిన వారానికీ, గీత పైకి మళ్లిన వారానికీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. ఆ వ్యవధే మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన అంకె కావచ్చు.

ఒక చుక్క మాత్రం మిగతావాటికి దూరంగా, లోతుగా పడితే దాన్ని చెరిపివేయకండి. ఆ రోజు మోటారు నడుస్తుండగా కొలిచారేమో నోటుబుక్కులో చూడండి. కారణం దొరికితే గ్రాఫు కిందనే రాయండి, దొరకకపోతే చుక్కను అలాగే ఉంచండి. సగటు చూసి తృప్తి పడకండి కూడా: 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త, సగటులూ సహసంబంధమూ (రెండు కొలతలు ఎంతగా కలిసి మారుతాయో చెప్పే అంకె) దాదాపు ఒకటిగానే ఉండే 4 దత్తాంశాలను గ్రాఫులుగా వేసి, వాటి ఆకారాలు పూర్తిగా వేరని చూపించాడు.

అన్నిటికన్నా కష్టమైనది కారణం చెప్పడం. మిషన్ కాకతీయలో మీ ఊరి చెరువు పూడిక తీశారు, మరుసటి ఏడాది బావుల్లో నీరు పైకి వచ్చింది అనుకుందాం. పూడికతీతే కారణమని రాయాలని మనసు లాగుతుంది, అది నిజమూ కావచ్చు. కాని ఆ ఏడు వాన ఎక్కువ పడిందా, యాసంగిలో వరి తక్కువ వేసి మోటార్లు తక్కువ నడిపారా అన్నవి తేలాలి. మే నెలను మే నెలతోనే పోల్చండి. అక్టోబరుతో పోలిస్తే కాలం తేడానే కనిపిస్తుంది. వాన, నేల, పంట ఒకే తీరుగా ఉండి, చెరువు పూడిక తీయని పక్క ఊరి బావులను కూడా కొలవగలిగితే మీ మాటకు బలం వస్తుంది. అది వీలుకాకపోతే నివేదికలో ఇలా రాయవచ్చు: "పూడిక తీసిన తరువాత మేము కొలిచిన 3 బావుల్లో మే నెలలో నేల నుంచి నీటి వరకు ఉన్న లోతు తగ్గింది, అదే ఏడాది వాన కూడా ఎక్కువ పడినందున, ఈ మార్పులో పూడికతీత వాటా ఎంతో ఈ కొలతలతో వేరు చేయలేకపోయాము."