పొగమంచు రోజుల్లో కోళ్ల గూటికి ఊక

మా కోనసీమలో హిమపాతం ఉండదు గానీ, ధనుర్మాసంలో తెల్లవారేసరికి పొగమంచుకు కోళ్ల గూడంతా చెమ్మగిల్లుతుంది. రోజూ కడగడం, అది ఆరక కంపు కొట్టడం. ఈసారి కడగడమే మానేశాను.

గూడు బాగా ఆరాక, రైస్ మిల్లు నుంచి తెచ్చిన పొడి ఊక నాలుగు అంగుళాల మందాన పరిచాను. పది కోళ్ల గూటికి రెండు బస్తాలు పట్టింది. రెండు రోజులకొకసారి కర్రతో అడుగు నుంచి తిరగేస్తే రెట్ట ఊకలో కలిసి ఆరిపోతుంది. గడ్డకట్టిన చోట తీసేసి కొత్త ఊక వేస్తే చాలు. నీళ్ల మూకుడు గూటి బయటే ఉంచాలి.

చలిగాలి వచ్చే వైపు గోనెసంచి కట్టాను. పైన జానెడు సందు మాత్రం వదిలాను. జాలిపడి అదీ మూసేశారో, కోళ్ల ఊపిరి తేమ, రెట్ట ఘాటు లోపలే నిలిచిపోతాయి. చలికన్నా అదే వాటికి ఎక్కువ చేటు.

తవుడు కలిసిన ఊక తీసుకోకండి, తేమ తగిలితే బూజు పడుతుంది. కప్పు కారే గూటికి ఈ పద్ధతి పనికిరాదు, ముందు తాటాకు మార్చుకోవాల్సిందే. సంక్రాంతి వెళ్లాక తీసిన ఊకను కొన్నాళ్లు కుప్పపోసి మాగబెట్టి కొబ్బరి పాదుల్లో వేస్తాను.