సైనికుడైన తాతయ్య జీవితాన్ని రాసిపెట్టడం ఎలా

సైన్యంలో పనిచేసిన తాతయ్య గురించి రాయడానికి కూర్చున్నప్పుడు కలం కొసకు ముందుగా వచ్చేవి ధైర్యం, త్యాగం, దేశభక్తి అనే మాటలే. అవి ఏ సైనికుడి పేరు కిందనైనా ఒదిగిపోతాయి కనుక, వాటిని పక్కన పెట్టి ముందు కాగితాలు తీయండి.

డిశ్చార్జి పత్రం, పింఛను కాగితాలు, ఉత్తరాలు, పతకాలు, ఫోటోలు అన్నిటినీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కదానిపై కనిపించే సర్వీసు నంబరు, హోదా, దళం పేరు, తేదీలను ఉన్నవి ఉన్నట్టుగా ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి. పేరు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటే దిద్దవద్దు. ఆయన సర్వీసు వివరాల కోసం సైన్యపు రికార్డుల కార్యాలయానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ తేడాలే అక్కరకు వస్తాయి. పతకం అంచును భూతద్దంతో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చిన సేవా పతకాలపై సైనికుడి నంబరు, పేరు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చినవి చాలావరకు పేరు లేకుండానే వచ్చాయి. అందువల్ల పేరు లేనంత మాత్రాన అది తాతయ్యది కాదని తేల్చేయకూడదు. మెరిపించాలన్న ఉబలాటంతో పాలిష్ మాత్రం పెట్టకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.

అధికారిక రికార్డు ఎక్కడో భద్రంగా ఉండే ఉంటుందన్న ధీమా కూడా మంచిది కాదు. 1973 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడినప్పుడు 1.6 నుంచి 1.8 కోట్ల సైనిక ఫైళ్లు బూడిదయ్యాయి. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలకు ఇంటి పెట్టెలో మిగిలిన కాగితమే సాక్ష్యమైంది. కాబట్టి ప్రతిదాన్నీ స్కాన్ చేయండి, ఫోటోల వెనుక వైపును కూడా.

తాతయ్య ఉండగానే ఈ పని మొదలుపెట్టగలిగితే అంతకన్నా అదృష్టం లేదు. "యుద్ధం ఎలా ఉండేది?" అని అడిగితే "ఏముంది, అందరితో పాటే మేమూ" అని ఊరుకుంటారు. తడిసిన బూట్లు ఎక్కడ ఆరబెట్టుకునేవారో, రాత్రి కాపలాలో నిద్ర ఎలా ఆపుకునేవారో, ఇంటి ఉత్తరం చేరడానికి ఎన్నాళ్లు పట్టేదో అడగండి. వాటి వెంటే పెద్ద సంగతులు బయటికి వస్తాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచి మాజీ సైనికుల జ్ఞాపకాలను భద్రపరుస్తోంది. అక్కడ రికార్డింగు కనీసం 30 నిమిషాలుండాలి. పెద్దవారికి ఒక పూటకు ఆ అరగంట చాలు. ఏదైనా ప్రశ్నకు ఆయన మౌనంగా ఉండిపోతే రెట్టించకండి, ఆ మౌనాన్ని మీ ఊహతో నింపకండి.

ఇక తాతయ్యగా ఆయన ఎలాంటివారో చెప్పాలంటే మనవళ్లను, మనవరాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నుంచి ఒక్క సంఘటన మాత్రమే రాబట్టండి. "తాతయ్యకు క్రమశిక్షణ ఎక్కువ, మేమంటే ప్రాణం" అన్న వాక్యంలో చూడటానికి ఏమీ లేదు. బడికి బయలుదేరే మనవడి ముందు నొప్పి పెట్టే మోకాళ్లతోనే గొంతుక్కూర్చుని, లేసు రెండుసార్లు ముడివేసి, కొసలను బూటు లోపలికి దోపి, "నాలుగడుగులు వేసి చూపించు" అన్నారని రాస్తే, ఆ సైనికుడూ ఈ తాతయ్యా ఒకే మనిషిగా కనిపిస్తారు. అందుకే సైనిక జీవితానికి ఒక భాగం, కుటుంబానికి ఇంకో భాగం అని విడదీయడం నాకు నచ్చదు. ఇంట్లో కనిపించిన అలవాటుతో మొదలుపెట్టి, అది ఏ శిబిరంలో పట్టుబడిందో వెనక్కి వెళ్లి చెప్పండి. పతకాల జాబితా, బదిలీల క్రమం చివర ఒక పేజీలో ఇస్తే సరిపోతుంది.

అచ్చుకు ఇచ్చే ముందు అమ్మమ్మకో నాయనమ్మకో మొత్తం చదివి వినిపించండి. "ఆ ఏడు ఆయన ఇంటికి రానేలేదు" అని ఆవిడ అడ్డుపడితే, కాగితాలతో పోల్చి తేదీ సరిచేయడంతో ఆగకుండా, ఆ మాటను కూడా ఆవిడ అన్నది అన్నట్టుగా అక్కడ చేర్చండి.