గిటార్ మోత ఆలస్యంగా వినిపించే సమస్య నాకు ఇలా తీరింది

గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి వాయిస్తుంటే, తీగ మీటాక మోత హెడ్‌ఫోన్‌లో కాస్త వెనకగా వచ్చేది, తాళం నిలిచేది కాదు. ర్యామ్ పెంచాను, కేబుల్ మార్చాను, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చాను, తేడా లేదు.

చివరికి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపి, తిరిగి హెడ్‌ఫోన్‌కి ఇచ్చే పెట్టె) మార్చాను. ఈసారి దానికి తయారీదారు సొంత ఆసియో (ASIO, విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించే పద్ధతి) డ్రైవర్ ఉందా లేదా అన్నదే ముఖ్యంగా చూశాను (నాది విండోస్). ముందు డ్రైవర్ వేసి, ఆ తర్వాతే ఇంటర్‌ఫేస్‌ని హబ్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. సాఫ్ట్‌వేర్‌లో పాత సాధారణ డ్రైవర్ బదులు దీన్ని ఎంచుకుని, శాంపిల్ రేటు (సెకనుకు తీసుకునే శబ్ద నమూనాలు) 48,000, బఫర్ (ఒక్కోసారి పోగుచేసి పంపే నమూనాలు) 128 పెట్టాను. లెక్క ప్రకారం ఇది 2.7 మిల్లీసెకన్లే, కానీ ఒక వైపుకి మాత్రమే; రానూ పోనూ, మధ్యలో శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చడమూ కలిస్తే ఇంకా ఎక్కువ. అందుకే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి కేబుల్ కలిపి, సాఫ్ట్‌వేర్ ఆలస్యాన్ని తానే సరిదిద్దే సెట్టింగు ఆపేసి, ఒక క్లిక్ రికార్డు చేసి తేడా కొలిచాను: 9 మిల్లీసెకన్లు. వాయించేటప్పుడు ఇప్పుడు నాకు తెలియడం లేదు, చాలా హాయిగా ఉంది.

బఫర్‌ని 64కి దించితే చిటపటలు వచ్చాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఇదే అంకె వస్తుందని మాత్రం చెప్పలేను. ఎఫెక్టులు లేకుండా పాట పాడుకోవడానికైతే డైరెక్ట్ మానిటరింగ్ (శబ్దం ల్యాప్‌టాప్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి రావడం) ఉన్న ఇంటర్‌ఫేస్ సరిపోవచ్చు.